ఊరి బావి దగ్గర మన బిందె

రాత్రి పడుకోబోయే ముందు సూరా ముల్క్ పారాయణం చేసే అలవాటు మన ఇళ్ళలో చాలామందికి ఉంది. ఆ సూరా చిట్టచివరి వాక్యంలో అల్లాహ్ మనల్ని ఒక ప్రశ్న అడుగుతున్నాడు. మీ నీళ్ళు భూమిలోకి ఇంకిపోతే మీకు ఊటనీళ్ళు తెచ్చిచ్చే వాడెవడు అన్నది ఆ ప్రశ్న భావం. కృష్ణా, గోదావరి కాలువల కింద బతికేవారికి అది ఒక హెచ్చరికగా వినిపించవచ్చు. రాయలసీమ పల్లెల్లో ఉన్నవారికి మాత్రం అది ఏప్రిల్, మే నెలల్లో కళ్ళెదుట కనిపించే దృశ్యం. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదీ సమయానికి పడితేనే!

గత వేసవిలో మేము కదిరి వైపు ఒక పల్లెకు వెళ్ళాము. జుమా ప్రసంగానికి పిలిస్తే ముందురోజు సాయంత్రమే చేరుకున్నాము. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ఆ ఊళ్ళో ఇంటింటికీ కొళాయిలు బిగించారు. కానీ కొళాయిలకు నీళ్ళందించే బోరు మార్చి నెలలోనే ఎండిపోయింది. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. అమ్మమ్మల కాలంలో వాడి, కొళాయిలు వచ్చాక మరిచిపోయిన పంచాయతీ బావే మళ్ళీ ఊరికి దిక్కయింది. కొత్త గిలక, కొత్త చేంతాడు కట్టారు.

ఫజ్ర్ నమాజుకు వెళ్తూ ఆ బావి దగ్గర ఆగాము. చీకట్లోనే ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి ఉన్నాయి. అడుగున ఊరే నీళ్ళు నలభై, యాభై బిందెలు తోడేసరికి అయిపోతాయి. మళ్ళీ ఊరాలంటే గంటలు పడుతుంది. అందరికంటే ముందు ట్రాక్టరు మీద రెండు డ్రమ్ములతో వచ్చిన ఇంటివారు నింపుకుంటున్నారు. ఆ తర్వాత మన వీధివారు, రైతుల వీధివారు. ఎస్సీ కాలనీ ఆడవాళ్ళు గట్టుకు అవతల, వేపచెట్టు కింద, బిందెలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. వారిని అక్కడ కూర్చోమని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. “ఎప్పట్నించో అంతే సాబ్” అని ఒక ముసలామె మాతో అన్నది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పకతప్పదు, ఆ డ్రమ్ముల ట్రాక్టరు హజ్ చేసి వచ్చిన ఒక సోదరునిది.

ఆ రోజు జుమాలో మేము మాట్లాడాలనుకున్న విషయం వేరు. దాన్ని పక్కన పెట్టి రూమా బావి గురించి మాట్లాడాము.

ముహాజిర్లు మక్కా వదిలి మదీనా చేరుకున్నప్పుడు అక్కడ తియ్యని నీళ్ళ కొరత ఉండేది. రూమా అనే బావి నీళ్ళు మంచివి. కాని దాని యజమాని నీళ్ళు అమ్ముకునేవాడు, పేదవారు కొనలేకపోయేవారు. అప్పుడు మహాప్రవక్త ముహమ్మద్ (స), ఈ బావిని కొని తన బొక్కెనను ముస్లిముల బొక్కెనలతో సమానం చేసేవారెవరు, వారికి స్వర్గంలో అంతకంటే మేలైనది లభిస్తుంది అన్న భావంలో పిలుపునిచ్చారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొంత ధనంతో దాన్ని కొన్నారు. ఎంతకు కొన్నారన్న విషయంలో ఉల్లేఖనాలు వేర్వేరుగా ఉన్నాయి. ఒక ఉల్లేఖనం ప్రకారం మొదట 12 వేల దిర్హములకు సగం బావిని కొన్నారు. ఒక రోజు ఆయనది, ఒక రోజు పాత యజమానిది. ఉస్మాన్ (రజి) వంతు వచ్చిన రోజున జనం రెండు రోజులకు సరిపడా ఉచితంగా తోడుకుపోయేవారు. రెండో రోజు పాత యజమాని దగ్గర కొనేవాడే లేడు. చివరికి అతనే విసిగి మిగతా సగాన్ని 8 వేలకు ఇచ్చేశాడు.

ఈ సంఘటన మనలో చాలామందికి తెలిసిందే. దానం గొప్పతనం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా దీన్ని చెప్పుకుంటాం. కాని మహాప్రవక్త (స) పెట్టిన షరతును మాత్రం తేలిగ్గా దాటేస్తాం. కొని ఇమ్మన్నారు, అంతేకాదు, కొన్నవాని బొక్కెన మిగతా బొక్కెనల్లో ఒకటిగా ఉండాలన్నారు! కొన్నాను కాబట్టి నాది ముందు అనే మాట అక్కడ చెల్లదు. దాత ఇంటికి రెండు, ఇతరులకు ఒకటి అనే లెక్కా లేదు.

నమాజు అయ్యాక ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. “హజ్రత్, ఉస్మాన్ (రజి) గారు ఆ బావి కొన్నారు, ఆయన సొత్తు, ఆయన ఇష్టం కొద్దీ ఇచ్చారు. ఇది సర్కారు బావి. ఎవరికి సత్తువ ఉంటే వాళ్ళు తోడుకుంటారు. ఇందులో దీన్ ఏముంది?” అన్నారు. ఆయన ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. మేము ఇలా చెప్పాము: “చాచా, సొంత డబ్బు పోసి కొన్నవారికే ఒక్క బొక్కెన వంతు అయితే, పైసా పెట్టని మనకు రెండు డ్రముల వంతు ఎక్కడి నుంచి వచ్చింది?” పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ట్రాక్టరు మా అల్లుడిది” అన్నారు.

మన ఫిఖా గ్రంథాల్లో నీళ్ళ హక్కుల గురించి ప్రత్యేక అధ్యాయాలే ఉన్నాయి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన కితాబుల్ ఖరాజ్‌లో సైతం దీన్ని చర్చించారు. మన పండితులు తాగే హక్కును, పొలం తడుపుకునే హక్కును వేరు చేశారు. మొదటిదాన్ని హఖ్ఖె షఫా అంటారు. అరబీలో షఫా అంటే పెదవి. పెదవి తడుపుకునే హక్కు అన్నమాట. ఎవరి సొంత బావి అయినా సరే, దాని మీద మనుషులకూ పశువులకూ ఈ హక్కు ఉంటుంది. పొలానికి మోటారు పెట్టుకుంటామంటే యజమాని వద్దనవచ్చు, దాహానికి మాత్రం వద్దనడానికి లేదు. సొంత బావి సంగతే ఇదైతే ఊరందరి బావి సంగతి చెప్పాలా? నీరు, గడ్డి, నిప్పు ఈ మూడింటిలో జనం భాగస్వాములని తెలిపే హదీసు అబూ దావూద్‌లో ఉంది. బుఖారీలోని ఒక హదీసు మరింత భయం పుట్టిస్తుంది. తన అవసరానికి మించిన నీటిని ఇతరులకు అందకుండా ఆపినవానితో ప్రళయదినాన అల్లాహ్, నీ చేతులు తయారు చేయని దాన్ని నీవు ఆపావు కనుక నేడు నేను నా అనుగ్రహాన్ని నీకు ఆపుతున్నాను అని అంటాడు. నీ చేతులు తయారు చేయని దాన్ని! గిలక మనం కట్టి ఉండవచ్చు, చేంతాడు మనం కొని ఉండవచ్చు. ఊట ఎవరిది?

ఇక వేపచెట్టు కింద కూర్చున్న ఆ ఆడవాళ్ళ సంగతి.

ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అ) మద్‌యన్ బావి దగ్గరికి చేరిన ఘట్టం మనం ఎన్నోసార్లు చదివి ఉంటాం. ఈజిప్టు నుంచి ప్రాణభయంతో బయలుదేరి, అలసి, తిండి లేక అక్కడికి చేరారు. జనం పశువులకు నీళ్ళు పెడుతున్నారు. ఇద్దరు యువతులు మాత్రం తమ మేకలను వెనక్కి పట్టుకుని నిలబడ్డారు. మీ సంగతేమిటని ఆయన అడిగారు. కాపరులందరూ తోలుకుపోయేదాకా మేము పెట్టలేము, మా నాన్న బాగా ముసలివాడు అన్నది వారి జవాబు. మూసా (అ) వారి మేకలకు నీళ్ళు పెట్టారు. గమనించండి, ఆ ఊరు ఆయనది కాదు. ఆ బావిలో ఆయనకు వంతు లేదు. ఆ యువతులెవరో, ఏ తెగవారో ఆయన అడగలేదు. వెనక నిలబడినవారు కనిపించారు, వెనక ఎందుకు నిలబడ్డారని మాత్రమే అడిగారు. బావి దగ్గర వెనక నిలబడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. భర్త లేని ఆడది, కొడుకులు వలస పోయిన ముసలి దంపతులు, బడి మానుకుని బిందె మోసే పిల్ల, కాలనీ వాళ్ళు. అందరూ తోడుకున్నాక మిగిలిన బురద నీళ్ళు వారివి.

కులం పేరుతో నీళ్ళ దగ్గర దూరం పెట్టడం మన దేశపు పాత రోగం. మహాడ్ పట్టణంలో చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ 1924లోనే పురపాలక సంఘం తీర్మానించింది. అయినా డాక్టర్ అంబేద్కర్ 1927 మార్చి 20న వేలాది మందితో నడిచివెళ్ళి ఆ నీళ్ళు దోసిలితో తాగి చూపించవలసి వచ్చింది. తీర్మానానికీ దోసిలికీ మధ్య మూడేళ్ళు! మన రాష్ట్రంలోనే 1985 జులైలో కారంచేడు ఘోరం జరిగింది. దళితులు తాగే చెరువు నీటిని పశువులు కడిగి పాడుచేయడంతో మొదలైన తగవు ఆరుగురు దళితుల హత్యతో ముగిసింది.

ఇవి మన పనులు కావు, మనది సమానత్వం బోధించే ధర్మం అని మనలో కొందరు వెంటనే అంటారు. ధర్మం సంగతి నిజమే. మన సంగతి ఏమిటి? ఊరి గాలి మనకూ సోకింది. మన ఇళ్ళలో ఎంతమంది, కాలనీ మనిషి ముట్టుకున్న బిందెను కడిగి వాడుతున్నారో అల్లాహ్‌కు తెలుసు. హనఫీ గ్రంథాల్లో శుభ్రత అధ్యాయం తెరిస్తే మొదట్లోనే కనిపించే మసలా ఇది: మనిషి ఎంగిలి నీళ్ళు పరిశుద్ధమే, ఆ మనిషి విశ్వాసి అయినా కాకపోయినా. ఆ ఎంగిలి నీటితో వుజూ చేసుకోవచ్చు! అలాంటప్పుడు ఆమె బొక్కెన తగిలిందని చేంతాడు విడిపించుకునేవారు ఏ ధర్మాన్ని ఆచరిస్తున్నట్టు?

సమూద్ జాతి చరిత్ర కూడా నీళ్ళ వంతుల చరిత్రే. హజ్రత్ సాలిహ్ (అ) జాతికి అల్లాహ్ ఒక ఒంటెను సూచనగా పంపి, నీటిని వారికీ దానికీ మధ్య వంతులు వేశాడు. ఒక రోజు ఒంటెది, ఒక రోజు వారిది. నోరులేని జంతువుకు ఒక నిర్ణీత వంతు! వారు దాన్ని సహించలేక ఒంటెను చంపారు. తర్వాత ఏమైందో ఖుర్ఆన్ చదివేవారికి వేరే చెప్పనక్కర లేదు.

కొందరు సోదరులు ఇంకో విషయం అడుగుతారు. మా ఇల్లు పైపు మొదట్లో ఉంది, నీళ్ళు మాకు ముందు వస్తాయి, అది మా తప్పా అని. తప్పు కాదు. అయితే ట్యాంకరు నీళ్ళు వదిలినప్పుడు పైపుకు నేరుగా మోటారు బిగించి సంపు నింపుకుంటున్నారే, అది తప్పు. చివరి ఇంటి కొళాయిలో గాలి తప్ప ఏమీ రాదు. మదీనాలో హర్రా కాలువ నీళ్ళ గురించి హజ్రత్ జుబైర్ (రజి) కూ ఒక అన్సారీ సోదరునికీ తగవు వచ్చినప్పుడు, పై పొలం జుబైర్ (రజి) ది. నీ పొలం తడుపుకుని పొరుగువానికి వదిలెయ్యి అని మహాప్రవక్త (స) మొదట చెప్పారు. జుబైర్ మీ మేనత్త కొడుకు కదా అని ఆ అన్సారీ నిష్ఠూరమాడాకనే, నీళ్ళు గట్టు దాకా నిలిచేవరకు ఆపుకొమ్మని జుబైర్ (రజి) కి పూర్తి హక్కు ఇచ్చారు. పండితుల వివరణ ఏమిటంటే, మొదటి మాట సర్దుబాటు, రెండోది న్యాయం. అంటే పై పొలంవానికి మహాప్రవక్త (స) ముందుగా చెప్పింది, నీ హక్కు కంటే తక్కువ తీసుకో అని! మన సంపుల్లో నిండుతున్నది హక్కు కంటే తక్కువా, ఎక్కువా? మోటారు స్విచ్ వేసేవారికే తెలియాలి.

పొలం బోర్ల సంగతి కూడా ఒక మాట. ఊరి బావికి పక్కనే, సొంత పట్టాలో అయినా సరే, లోతైన బోరు వేస్తే ఊరి ఊట ఇటు లాక్కొస్తుంది. బావి చుట్టూ కొంత జాగాలో మరొకరు తవ్వకూడదన్న నియమం మన ఫిఖాలో ఉంది. దాన్ని బావి హరీమ్ అంటారు. పశువులు నీళ్ళు తాగే బావికి నాలుగు వైపులా నలభై మూరలు అని హనఫీ పండితులు చెప్పారు. ఆనాడు మోటార్లు లేవు, బొక్కెన లాగే దూరానికి ఆ లెక్క సరిపోయింది. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి, బోరు తవ్వడానికి ఒప్పుకోదు, ప్రజల తాగునీటి చేతిపంపుకు మినహాయింపు ఇచ్చింది. ఈ చట్టాన్ని దొడ్డిదారిన తప్పించుకుని రాత్రికి రాత్రి రిగ్గు దింపించే ముస్లిం సోదరుడు, తాను తప్పించుకున్నది చట్టాన్ని మాత్రమే అనుకుంటే పొరపాటు. అది దైవదాసుల హక్కు. దైవదాసుల హక్కును వారు క్షమించాలి, మన నఫిల్ నమాజులతో అది తీరిపోదు.

అదే ఊళ్ళో మసీదు ఆవరణలో ఒక బోరు ఉంది. దేవుని దయ వల్ల అందులో ఇంకా నీళ్ళు వస్తున్నాయి. దానికి తాళం వేశారు. కమిటీవారిని అడిగితే, ఇది వుజూ కోసం వక్ఫ్ చేసింది హజ్రత్, ఊరికి వదిలితే నమాజీలకు లేకుండా పోతుంది అన్నారు. వక్ఫ్ చేసినవారి షరతుకు విలువ ఉంది, ఆ మాట కొట్టిపారేయలేము. అందుకే మేము వెంటనే తీర్పు చెప్పలేదు. దాత ఏ మాట అని ఇచ్చాడో విచారించి ముఫ్తీగారిని అడగండి అన్నాము. అయితే మాకు తోచింది కూడా చెప్పాము. దాత కేవలం మసీదు కోసం అని ఇచ్చి ఉంటే, మసీదు గోడ పక్కన దాహంతో ఉన్నవారికి తాగడానికి ఇవ్వడం మసీదు పని కాదని ఎవరనగలరు? హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తల్లి మరణించినప్పుడు ఆమె తరఫున ఏ దానం మేలని అడిగారు. నీళ్ళు అని మహాప్రవక్త (స) చెప్పారు. ఆయన బావి తవ్వించి, ఇది సఅద్ తల్లి పేరిట అన్నారు. ఇకమీదట బోరు వేయించే సోదరులు బండ మీద పేరు చెక్కించడానికి చూపే శ్రద్ధలో కొంత, ఇది వుజూకూ ఊరి దాహానికీ అని రాయించడంలో చూపితే ఇలాంటి చిక్కులు రావు.

నమాజీలకు నీళ్ళు చాలవు అన్న భయం గురించి కూడా ఆలోచించండి. మహాప్రవక్త (స) ఒక ముద్ నీళ్ళతో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. అది మన కొలతలో దాదాపు ముప్పావు లీటరు అని కొందరు, లీటరు వరకు అని కొందరు లెక్క కట్టారు. మేము ఆ మసీదులో కొళాయి తిప్పి వదిలేసి, కబుర్లు చెప్పుకుంటూ వుజూ చేస్తున్న యువకులను చూశాము. ఒక్కొక్కరి కింద కారిన నీళ్ళు ఒక బిందె నిండేవి. ఇంట్లో ఉన్న నీళ్ళు తాగడానికి, రొట్టెల పిండి తడపడానికి మాత్రమే సరిపోతాయనుకుంటే తయమ్ముమ్ చేసుకోవచ్చు. మన గొంతుకు మాత్రమే కాదు, తోడున్నవాని దాహానికి, పెంచుకున్న పశువు దాహానికి నీళ్ళు అట్టిపెట్టి తయమ్ముమ్ చేయవచ్చని పండితులు రాశారు. కుక్కను సైతం పేరు పెట్టి చెప్పారు! మన సోదరీమణులు ఈ మసలా తెలియక, పసిబిడ్డకు దాచిన నీళ్ళతో వుజూ చేసి తర్వాత బాధపడుతుంటారు. వారికి ఇది తెలియజేయండి.

ఆదివారం ఊరి బయట మైదానంలో ఇస్తిస్ఖా నమాజు చేద్దామని ఇమామ్‌గారు ప్రకటించారు. మంచిదే. జమాఅత్‌తో నమాజు గురించి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూ ఆయన శిష్యులకూ అభిప్రాయభేదం ఉంది కాని, క్షమాపణ వేడుకోవడం గురించి ఎవరికీ లేదు. హజ్రత్ నూహ్ (అ) తన జాతికి, ప్రభువును క్షమాపణ వేడుకోండి, ఆకాశం నుంచి ధారాళంగా వాన కురిపిస్తాడని చెప్పినట్టు ఖుర్ఆన్ తెలుపుతోంది. అందుకే వాన నమాజుకు వెళ్ళేముందు తౌబా చేయాలని, ఒకరి నుంచి అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలని పండితులు నొక్కి చెప్పారు. శనివారం రాత్రి రచ్చబండ దగ్గర సర్పంచ్, ఇమామ్‌గారు, మూడు వీధుల పెద్దలు, కాలనీ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఇంటికి పూటకు రెండు బిందెలు, పసిపిల్లలున్న ఇంటికి మూడు, డ్రమ్ములు వద్దు, ఈ రోజు మొదలుపెట్టిన వీధి రేపు చివర. ఒక నోటుపుస్తకంలో రాశారు. హాజీగారి అల్లుడు ట్రాక్టరును పది మైళ్ళ అవతలి చెరువు నుంచి ఊరి పశువులకు నీళ్ళు తేవడానికి ఇస్తానన్నాడు. డీజిలు ఊరివాళ్ళు పోసుకోవాలని కూడా అన్నాడు, అది వేరే సంగతి.

తన సొత్తుతో బావి కొనిచ్చిన హజ్రత్ ఉస్మాన్ (రజి) ని హిజ్రీ 35లో తిరుగుబాటుదారులు ఇంట్లో ముట్టడించి ఆ రూమా నీళ్ళే తాగనివ్వలేదు. ఇంటిపై నుంచి ఆయన ఆ జనానికి ఆ సంగతి గుర్తుచేశారు, తాను ఉప్పునీళ్ళు తాగుతున్నానని చెప్పారు. ఇంత జరిగినా ఆ బావి అందరిదిగానే ఉండిపోయింది. ఈ మాట మేము ఆదివారం మైదానంలో చెప్పాము. కాలనీవారు కూడా కొందరు దూరంగా నిలబడి విన్నారు. దగ్గరికి రమ్మని పిలిస్తే వచ్చారు.

ఆ వారం వాన పడలేదు. వంతులు మాత్రం జులై దాకా నడిచాయని ఇమామ్‌గారు ఫోనులో చెప్పారు. మసీదు బోరుకు గోడ బయటి వైపు ఒక కొళాయి పెట్టే విషయంలో ముఫ్తీగారి జవాబు వచ్చిందట, పెట్టవచ్చన్నారట. కమిటీలో ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. వారి హృదయాలు విశాలం కావాలని దుఆ చేయండి.